అభ్యంతరం లేని పెళ్లి ప్రకటన

మా సంఘంలో ఎవరూ ఎవరినీ నొప్పించే మాట అనకూడదన్న నిబంధన ఒక కోడికాలి వల్ల పుట్టింది. క్రిస్మస్ ప్రేమవిందులో వడ్డన జరుగుతుండగా, తన విస్తట్లో పడాల్సిన లెగ్ పీసు వియ్యంకుడి విస్తట్లో పడిందని సండే స్కూలు సూపరింటెండెంటు గారు ఒక మాట అన్నారు. వియ్యంకుడు రెండన్నాడు. ఆ తర్వాత మాటలు అయిపోయి గరిటెలు మొదలయ్యాయి. సాయంత్రానికి రెండు కుటుంబాలూ కొత్త బట్టలతో పోలీస్ స్టేషన్ బల్లల మీద కూర్చుని దోమలు తోలుకుంటున్నాయి. పండుగ పూట వాళ్లను విడిపించుకు రావడానికి మా పాస్టరు జెఫన్యా అయ్యగారే వెళ్లాల్సి వచ్చింది.

ఆ మరుసటి ఆదివారం అయ్యగారు నాలుక గురించి ప్రసంగించారు. మాటతో మనిషిని నిలబెట్టవచ్చు, పడగొట్టవచ్చు, కాబట్టి నోరు తెరిచే ముందు ఎదుటివాడి ముఖం ఒకసారి చూడండి అన్నారు. మంచి ప్రసంగం. నేను ఆ చర్చిలో హార్మోనియం వాయిస్తాను. ప్రసంగం జరిగేటప్పుడు దాని గాలితిత్తి మీద చెయ్యి పెట్టుకుని కునుకు తీయడం నా అలవాటు. ఆ రోజు నేను కూడా మేలుకునే ఉన్నాను. విన్నవాళ్లు విన్నట్టు ఇళ్లకు వెళ్లి ఆచరించి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ మంచి ప్రసంగం వింటే ఆచరించే అలవాటు మా సంఘంలో లేదు. కమిటీ వేసే అలవాటు ఉంది.

కమిటీ వేయాలన్నది కొల్లాబత్తుల ఏసురత్నం గారు. ఆయన కలెక్టరాఫీసులో సర్వీసంతా గడిపి రిటైరైనవారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన ఆఫీసును వదల్లేదు.

"అయ్యగారి ప్రసంగములోని అంశములను క్షేత్రస్థాయిలో అమలుపరచుట నిమిత్తము, మృదుభాషణ పర్యవేక్షక ఉపసంఘమును ఏర్పాటు చేయుట అవసరమని భావించడమైనది" అన్నారు లేచి.

ఎవరు భావించారని ఎవరూ అడగలేదు. అధ్యక్షుడు ఆయనే. సభ్యులు ఆయన బావమరిది ఒకరు, ఆయన ఏమన్నా తలూపే తోడల్లుడు ఒకరు. వినువారి మనస్సునకు క్లేశము కలిగించు ఏ మాటయూ పలుకరాదు అన్నది నిబంధన. పలికినవారికి శిక్ష అంటే బాగుండదని 'నోటి విశ్రాంతి' అని పేరు పెట్టారు. విశ్రాంతి పొందినవారి భుజానికి తెల్ల రిబ్బను గుచ్చుతారు. ఉపసంఘం తీసేయమనే దాకా వాళ్లు చర్చిలో సాక్ష్యం చెప్పకూడదు, పైకి ప్రార్థన చేయకూడదు, ఒక్క మాట మాట్లాడకూడదు. పాటలు పాడవచ్చు. పాటల్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనరని ఉపసంఘం నమ్మకం.

మొదటి రిబ్బను దీనమ్మకు పడింది. దీనమ్మ చర్చి ఎదురుగా టిఫిన్ హోటలు నడుపుతుంది. ఆమె ఇడ్లీ ఎంత మెత్తనో నోరు అంత గట్టి. ఆ ఆదివారం ఏసురత్నం గారి కోడలు ప్రత్యేక గీతం పాడింది. పాట అయ్యాక దీనమ్మ పక్కావిడతో, చర్చి అంతటికీ వినబడేలా, "దేవుడు ఓర్పు గలవాడని ఇన్నాళ్లూ విన్నాను. ఇయ్యాల కళ్లారా చూశాను" అంది. నేను హార్మోనియం వెనక తల దించుకుని నవ్వుకున్నాను. రిబ్బను మాత్రం ఆమెకు పడింది.

మొదట్లో అందరికీ హాయిగానే ఉంది. పోట్లాటలు ఆగాయి. చెప్పుల దగ్గర తోపులాట కూడా "ముందు మీరు", "అబ్బే, మీరు" అన్నట్టుగా మారి, అందరూ ఇళ్లకు ఆలస్యంగా చేరుతున్నారు. కానీ ఏ నిబంధనైనా ఉపసంఘం చేతిలో ఊరికే పడి ఉండదు కదా, అది ఎదుగుతూ ఉంటుంది.

సుందరమ్మ మొగుడు మేడ మెట్ల మీద నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ప్రార్థన చేయమని ఆమె లేచి చెప్పబోతే, 'విరిగింది' అన్నది క్లేశ పదమని ఉపసంఘం ఆపింది. పాపం ఆమె చాలాసేపు ఆలోచించి, "మా ఆయన దేవుని దయవల్ల మంచం మీద విశ్రాంతిగా ఉన్నారండి" అంది. సంఘమంతా స్తోత్రం చెప్పింది. ఆయన్ని చూడడానికి ఆసుపత్రికి ఒక్కరూ వెళ్లలేదు. విశ్రాంతిగా ఉన్నవాణ్ణి కదిలించడం ఎందుకని ఊరుకున్నారు.

గాయక బృందంలో శృతి తప్పేవాళ్లను శృతి తప్పావని అనకూడదు. "నీ స్వరం స్వతంత్రంగా ఉంది తమ్ముడూ" అనాలి. రెండు వారాల్లో బృందమంతా స్వతంత్రులయ్యారు. అయ్యగారి ప్రసంగాల్లో 'పాపము' అన్న చోట 'ఇంకా మెరుగుపడవలసిన స్థితి' అని చదవమన్నారు. ప్రవక్తల వాక్యభాగాలు చదవడం ఆపించారు. "ప్రవక్తల భాష ఉపసంఘము పరిశీలనలో యున్నది. అంతవరకు వారు వేచి యుండవలెను" అని ఏసురత్నం గారు సెలవిచ్చారు.

అయ్యగారు అన్నిటికీ సరేనన్నారు. ఆయన అలాంటి మనిషి. పెట్టిన ప్రతి వంటకానికీ సరేనంటూ తిని, అజీర్తి చేసినా వండినవాళ్లను పొగిడే మనిషి. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఆయన నోట ఒక్క కటువైన మాట ఎవరూ వినలేదు. ఆ నిబంధన అవసరం లేని మనిషి సంఘంలో ఎవరైనా ఉంటే అది ఆయన ఒక్కరే.

ఇలా ఉండగా కెజియా పెళ్లి కుదిరింది.

కెజియా పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. తండ్రి లేడు. తల్లి సౌభాగ్యం గారు మిషన్ స్కూల్లో టీచరు. తల్లి బడికి వెళ్తే పిల్ల దీనమ్మ హోటల్లోనే పెరిగింది. ఆ పిల్ల అంటే మా అందరికీ ఇష్టం. ఎవరి ఇంట్లో జ్వరం వచ్చినా డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చేది. ఆమెకు సంబంధం తెచ్చింది ఏసురత్నం గారే. పెళ్లికొడుకు ప్రభుకిరణ్ కోనసీమ కుర్రాడు. ఉజ్జీవ సభల్లో కీబోర్డు వాయిస్తూ పాడతాడు. ఇస్త్రీ చెదరని తెల్లబట్టలు, తేనె కారే మాట. మంచినీళ్లు ఇస్తే "మీ ప్రేమకు ఈ గ్లాసు చాలదమ్మా" అంటాడు. ఏసురత్నం గారు ఆ మాట విని కరిగిపోయారు. ఉపసంఘం ఊహించుకున్న ఆదర్శ విశ్వాసి శరీరం ధరించి వచ్చినట్టే అనిపించింది ఆయనకు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవడం మా పద్ధతి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, దీనికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని పాస్టరు అడుగుతారు. పిల్లను కన్నవాళ్లకు తెలియనిది సంఘంలో ఎవరికైనా తెలిసి ఉండవచ్చునని పెద్దలు పెట్టిన ఏర్పాటు. నాకు తెలిసి ఆ ప్రశ్నకు ఒక్కసారే ఒకాయన లేచాడు. బయట కుక్క ఎవరిదో చెప్పు ఎత్తుకుపోతోందని చెప్పి కూర్చున్నాడు.

కెజియా పెళ్లి మొదటి ప్రకటన మామూలుగానే జరిగింది. ఆ వారంలో దీనమ్మ ఎవరిదో జ్ఞాపకార్థ కూడికకని కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక ఊరికి వెళ్లింది. తిరిగొచ్చి హోటలు తాళం కూడా తీయకుండా నేరుగా మా ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, ఆడికి పెళ్లాం ఉందండి బాబూ!"

"ఎవరికమ్మా?"

"ఆ తెల్లబట్టలోడికండి. కూడికలో నా పక్కన కూర్చుని ఓ పిల్ల వలవలా ఏడుస్తుంటే ఏటమ్మా అన్నాను. మొగుడు పాటల కోసం ఊళ్లమ్మట తిరిగి ఇల్లు మర్చిపోయాడంట. పెళ్లి ఫొటో చూపించింది. ఆడేనండి. చంకలో పిల్లోడు కూడాను. అచ్చం ఆడి మొకమే."

"కెజియాకు చెప్పావా?"

దీనమ్మ అరుగు మీద కూలబడింది. "అక్కడి నుంచే వస్తున్నానండి. నమ్మలేదు" అంది.

ఆమె చెప్పింది విన్నాక నాకు వాళ్లను తప్పుపట్టాలని అనిపించలేదు. అంతకు ముందు కెజియాకు వచ్చిన ప్రతి సంబంధాన్నీ దీనమ్మ కడిగి పారేసింది. బ్యాంకు అబ్బాయిని ఉడకని బంగాళాదుంప అంది. రైల్వే అబ్బాయి నవ్వితే గేటు తీసినట్టుంది అంది. పిల్లను వదులుకోలేక అలా అనేదని నాకు తెలుసు, కానీ అన్న మాటలు అన్నట్టే ఉండిపోయాయి. ఇప్పుడు నిజంగా చెప్పాల్సింది వచ్చేసరికి సౌభాగ్యం గారు, "నీ నోట్లోంచి ఎప్పుడైనా ఒక్క మంచి మాట వచ్చిందా దీనమ్మా? ఈసారికి మా పిల్లను బతకనివ్వు" అని తలుపు వేసేశారట. కెజియా మాత్రం కిటికీలోంచి చూసి, "అత్తా, నీకు ఎవరు నచ్చారు గనక?" అందట.

ఇద్దరం ఉపసంఘం దగ్గరికి వెళ్లాం. ఏసురత్నం గారు ఇంట్లో కూడా వెనక టవలు వేసిన కుర్చీలోనే కూర్చుంటారు. దీనమ్మ నోరు తెరవబోతే రిబ్బను వైపు వేలు చూపించారు. కాబట్టి నేను చెప్పాను.

"ఆ అబ్బాయికి ఇదివరకే పెళ్లయిందండి. భార్య ఉంది, పిల్లాడున్నాడు."

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. "ఈ వాక్యము విన్నచో వధువునకు క్లేశము కలుగునా?"

"కలుగుతుందండి."

"వరునకు?"

"ఆయనకూ కలుగుతుంది."

"సంబంధము తెచ్చిన పెద్దలకు?" అని ఒక్క క్షణం ఆగి, "కలుగును" అని ఆయనే జవాబు చెప్పుకున్నారు. "చూచితిరా మాస్టారూ! ఒక్క వాక్యము, ఇంతమందికి క్లేశము. ఇంత ప్రమాదకరమైన వాక్యము ఉపసంఘము దృష్టికి ఇంతవరకు వచ్చి యుండలేదు."

"కానీ అది నిజమండి!"

"నిజమా అబద్ధమా అనునది మా పరిధిలోనికి రాదు. మృదువా కఠినమా అన్నంతవరకే మా పని."

తోడల్లుడు తలూపాడు. బావమరిదికి మాత్రం కాస్త జాలి కలిగినట్టుంది, మృదువుగా మార్చి చెప్పుకోవచ్చునని సలహా ఇచ్చాడు. ముగ్గురూ గుసగుసలాడుకుని వాక్యాన్ని సవరించారు. 'వరునికి కుటుంబ జీవితమందు విశేష అనుభవము కలదు.' కావాలంటే ఆదివారం నాడు ఆ మాట లేచి చెప్పుకోవచ్చునని అనుమతించారు. దీనమ్మ నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

మేం గుమ్మం దాటుతుండగా ఏసురత్నం గారికి ఇంకో ఆలోచన వచ్చింది. అసలు 'అభ్యంతరం' అన్న మాటే కఠినమైనది కదా, చర్చిలో అంత క్లేశకరమైన ప్రశ్న ఇన్నేళ్లుగా ఎలా అడుగుతున్నారు అని ఆశ్చర్యపోయారు. రెండో ఆదివారం నాటికి ప్రకటన మారిపోయింది. 'ఈ వివాహమును గూర్చి ప్రోత్సాహకరమైన మాట ఎవరికైనా ఉన్నచో ఇప్పుడే లేచి చెప్పవలెను.'

ఎవరికి లేదు? ఆ రోజు పెళ్లికొడుకు ఎక్కడో సభల్లో ఉన్నాడు, పెళ్లికూతురు డ్యూటీలో ఉంది, అయినా ఒకరి తర్వాత ఒకరు లేచారు. వరుడి గొంతు బాగుంటుందని ఒకరు, పాపిడి తిన్నగా తీస్తాడని ఒకరు అన్నారు. అప్పటికి దీనమ్మ మాట హోటలు దాటి బజారంతా పాకింది. సగం సంఘానికి సంగతి తెలుసు. తెలిసినవాళ్లే ఎక్కువ పొగిడారు. నిజం గొంతులో అడ్డం పడినప్పుడు మనిషి మామూలుగా కంటే గట్టిగా పొగుడుతాడని నాకు ఆ రోజే అర్థమైంది.

అయ్యగారికి కూడా తెలుసు. ఉపసంఘం దగ్గరి నుంచి మేం తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లాం. ఆయన ముఖం పాలిపోయింది. "ముందు నేను వెళ్లి కనుక్కుంటాను మాస్టారూ. వినికిడి మాట మీద ఒక మనిషిని పడేయకూడదు కదా" అన్నారు. అది న్యాయమే. కానీ ఆ ఆదివారం నాటికి ఇంకా వెళ్లలేదు.

కానుకల వేళ దీనమ్మ లేచింది. రిబ్బను పెట్టుకున్నవాళ్లు పాడవచ్చు కదా. నా వైపు చూసింది. నేను శృతి అందించాను.

"లంక ఊరి వాకిట ఇల్లాలు నిలిచె
చంకలో పసివాడు దారినే తలచె
ఎప్పుడొచ్చేవు నాథా, ఎప్పుడొచ్చేవు
తెల్లబట్టల దొరా, ఎప్పుడొచ్చేవు..."

సొంతంగా అల్లింది. గొంతు ఇనుపగరిట చప్పుడే గానీ అందులో బాధ ఉంది. రెండో చరణానికి వచ్చేసరికి జనం పల్లవి అందుకున్నారు. మూడోసారికి చప్పట్లు మొదలయ్యాయి. తెలియనివాళ్లు ప్రభువు రెండవ రాకడ మీద కొత్త కీర్తన అనుకున్నారు, తెలిసినవాళ్లు అలా అనుకున్నట్టు నటించారు. ఇల్లాలంటే సంఘం, నాథుడంటే ప్రభువు, ఇక తెల్లబట్టల గురించి చెప్పేదేముంది? ముందు బల్ల మీద ముసలావిడ చేతులెత్తి "రావయ్యా, రావయ్యా" అని ఏడ్చింది. ఏసురత్నం గారు కాలితో తాళం వేశారు. పాట అయ్యాక లేచి, "రాకడను గూర్చి ఇంత మృదువైన కీర్తన ఇటీవల విని యుండలేదు. దీనిని సండే స్కూలు పిల్లలకు నేర్పించవలసినదిగా ఆదేశించడమైనది" అన్నారు.

చప్పట్లు కొట్టకుండా ఆగిపోయింది ఒక్క సౌభాగ్యం గారే. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని దీనమ్మ ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు. దీనమ్మ తిట్టడం ఆమె చాలాసార్లు విన్నారు. దీనమ్మ బతిమాలడం మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఆ వారంలో అయ్యగారు పడవెక్కి లంక ఊరికి వెళ్లారు. వెళ్లినవారు ఆ పిల్లాడిని ఎత్తుకుని, ఆ అమ్మాయి పెట్టిన అన్నం తిని, వాళ్ల ఊరి చర్చిలో ఆ పెళ్లి చేసిన ముసలి పాస్టరును కలిసి వచ్చారు. వచ్చి జ్వరంతో పడుకున్నారు. నేను చూడడానికి వెళ్తే గోడ వైపు తిరిగి, "ఎలా చెప్పను మాస్టారూ, ఆ పిల్ల ముఖం చూసి ఎలా చెప్పను?" అన్నారు. ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడమన్న మనిషి, ముఖం చూడలేక మాట మింగేస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. అయినా జ్వరంలో ఉన్నవారిని ఏమనను? ఉపసంఘం లేకపోయినా అనేవాణ్ణి కానేమో.

మూడో ఆదివారం వచ్చింది. పెళ్లి ఆ గురువారమే. చర్చి కిక్కిరిసింది. ప్రభుకిరణ్ తెల్లబట్టల్లో ముందు బల్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతివారికీ రెండు చేతులతో వందనాలు చెబుతున్నాడు. ఆడవాళ్ల వైపు కెజియా, పక్కనే తల్లి. కెజియా కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

అయ్యగారు సవరించిన ప్రకటన చదివారు. ప్రోత్సాహకరమైన మాటలు మొదలయ్యాయి. తోడల్లుడు లేచి, వరుడు వచ్చాక సంఘంలో సువాసన పెరిగిందన్నాడు. సండే స్కూలు సూపరింటెండెంటు గారు కోడికాళ్ల ప్రస్తావన లేకుండా చాలాసేపు పొగిడారు. వాళ్లలో ఎవరెవరికి సంగతి తెలుసో నాకు తెలుసు. అందుకే ఎవరి ముఖమూ చూడలేక హార్మోనియం మెట్లు తుడుస్తూ కూర్చున్నాను.

అప్పుడు కెజియా లేచింది.

"నేనొకటి అడగొచ్చాండి?" అంది.

ప్రోత్సాహకరమైనదైతే అడగవచ్చునని ఏసురత్నం గారు అన్నారు.

"మా వార్డులో నేను రోజూ చేదు మాటలే చెప్తానండి. కాలు తీసెయ్యాలని చెప్తాను. గడ్డ మంచిది కాదని చెప్తాను. చెప్పేటప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకుంటాను. ఏడుస్తారు, తిడతారు. తర్వాత వాళ్లే వచ్చి, ముందే చెప్పి మంచి పని చేశావమ్మా అంటారు." ఆమె దీనమ్మ వైపు తిరిగింది. "మా దీనమ్మత్త నాకో మాట చెప్పింది. అత్త అందర్నీ తిడుతుంది కాబట్టి నేను నమ్మలేదు. మా అమ్మ మాత్రం వారం నుంచి అన్నం తినట్లేదు. మీలో ఎవరికైనా నేనంటే ప్రేమ ఉంటే, పొగడొద్దు. నాకు తెలియాల్సింది ఉంటే చెప్పండి."

కెజియా రాత్రంతా మేలుకుని సూదిమందు వేసినవాళ్లు, ఆమె చేతుల మీద బిడ్డల్ని కన్నవాళ్లు అందరూ అక్కడే ఉన్నారు. అందరూ ఆమె వైపు ఎంతో ప్రేమగా చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఏసురత్నం గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయీ, సదరు ప్రశ్న నిబంధనల పరిధిలో లేదు. కావున..."

"అతనికి భార్య ఉందమ్మా" అన్నారు అయ్యగారు.

ఆయన పల్పిట్ దిగి వచ్చి కెజియా ఎదుట నిలబడ్డారు. "నేను వెళ్లి చూసొచ్చాను. పెళ్లి చేసిన పాస్టరు గారితో మాట్లాడాను. కొడుకున్నాడు. ఆ పిల్ల నాకు అన్నం పెట్టి, మా ఆయన కనబడితే ఇంటికి పంపండి అయ్యగారూ అంది. నాలుగు రోజుల నుంచి ఈ మాట నా నోట్లో ఉంది తల్లీ. నువ్వు ఏడుస్తావని చెప్పలేకపోయాను. ఈ పెళ్లి వద్దు."

కెజియా ఆయన్ని నమ్మింది. నమ్మినట్టు ఆమె ముఖంలోనే కనబడింది. జీవితంలో ఎవరినీ నొప్పించని మనిషి కన్నీళ్లు పెట్టుకుని చెబుతుంటే ఎవరు నమ్మరు? ఆయన ఆమె చేయి పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ప్రభుకిరణ్ మెల్లగా లేచాడు. అప్పటికీ చిరునవ్వు చెదరలేదు. "నన్ను అపార్థం చేసుకున్నవారందరినీ ప్రేమతో క్షమిస్తున్నాను" అని, రెండు చేతులూ జోడించి, నడవ మధ్య నుంచి బయటికి నడిచాడు. అలవాటుకొద్దీ ఇద్దరు ముగ్గురు "వందనాలు బ్రదర్" అన్నారు కూడా.

ఏసురత్నం గారి ముఖం కందగడ్డలా అయింది. ఆయన తెచ్చిన సంబంధం తలుపు దాటి పోతోంది. అయినా విధి విధే కదా, జేబులోంచి తెల్ల రిబ్బను తీసి అయ్యగారి వైపు రెండడుగులు వేశారు. "ఉపసంఘము అనుమతి లేకుండ, నిండు సభలో, అత్యంత క్లేశకరమైన వాక్యమును పలికిన కారణముగ, అయ్యగారికి నోటి విశ్రాంతి..."

"నోర్మూసుకుని కూర్చోవయ్యా!" అన్నారు సౌభాగ్యం టీచరు.

కోడికాలి నాటి నుంచి మా చర్చిలో ఎవరూ ఎవరినీ అలా అనలేదు. సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది. అంత కలిసికట్టుగా, అంత శృతిలో ఆ మాట మా చర్చిలో నేనెప్పుడూ వినలేదు. ఏసురత్నం గారు కూర్చున్నారు.

ఆరాధన ముగిసిందని ఎవరూ అనకుండానే జనం బయటికి వచ్చేశారు. కెజియా చర్చి మెట్ల మీద కూర్చుంది. ఒక్కొక్కరూ దగ్గరికి వచ్చి ఏదో అనబోయి, ఏమీ దొరక్క, తల మీద చెయ్యి వేసి వెళ్లిపోతున్నారు. ఆమె వాళ్లను చూసి, "మీ అందరికీ తెలుసా?" అని అడిగింది. అందరూ చెప్పుల వైపు వంగారు. నేను కూడా చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు వంగాను.

దీనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నా నోరే నీకు అడ్డం పడింది తల్లీ" అంది. "అన్నిటికీ వాడేశాను. నీకు కావాల్సినప్పటికి అందులో ఏం మిగల్లేదు."

కెజియా ఆమె భుజానికి గుచ్చిన రిబ్బను ఊడదీసి మెట్ల కింద పారేసింది.

"ఇప్పుడు తిట్టత్తా. నాకోసం వాణ్ణి ఒక్కసారి తిట్టు. ఈ ఒక్కసారికి నేను కూడా వింటాను."

మేమందరం ఆగి నిలబడ్డాం. బ్యాంకు అబ్బాయినీ, రైల్వే అబ్బాయినీ, దేవుడి ఓర్పునూ వదలని నోరది. దీనమ్మ నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ఒక్క మాట రాలేదు. పిల్లను ఒళ్లోకి లాక్కుని, చిన్నప్పుడు హోటల్లో నిద్రపుచ్చినట్టు వీపు నిమురుతూ కూర్చుంది.